కలుపు

మా రేడియో స్టేషన్ ఒకటే గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, బల్ల మీద రెండు మైకులు,
నా కుడిచేతి కింద ఒక ఎర్ర బటన్.
మాట్లాడే నోటికీ వినే చెవికీ మధ్య
ఏడు సెకన్లు.
నాకు జీతమిచ్చేది ఆ ఏడు సెకన్లకే.

మామూలు రోజుల్లో అవి బూతులకి పనికొస్తాయి.
తాగినవాడెవడో బావమరిదిని తిడతాడు,
నొక్కి ఓ ముక్క పాట వేస్తాను.
ఎన్నికల నెలలో బూతులు తగ్గిపోతాయి.
అందరూ మర్యాదగా మాట్లాడతారు.
నాకు భయం వేసేది అప్పుడే.

"మనం" అనే మాట బరువెక్కుతుంది.
"వాళ్ళు" అన్నాక చిన్న విరామం వస్తుంది.
వచ్చినవాళ్ళు అతిథులే అంటారు,
అతిథికి వెళ్ళే వేళ తెలియాలి కదా అంటారు.
ఇందులో ఏ మాట చెయ్యి పట్టుకుని ఆపను?
విడివిడిగా చూస్తే అన్నీ స్నానం చేసి వచ్చిన మాటలే.

నిన్న సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం.
చెరుయోట్ మైకు ముందు, నేను ఫోన్ల దగ్గర.
"లైన్ కలుపు, జెరూతో" అన్నాడు.
కలిపాను.
ముసలి గొంతు. దగ్గు. వెనకాల మేక.
"కలుపు పెరిగిపోయింది. ఆదివారం లోపు
వేళ్ళతో సహా పీకెయ్యాలి, తగలబెట్టాలి."
నా వేలు నాకంటే ముందు కదిలింది.

పాట నడుస్తుండగా ఆయనకి ఫోన్ చేశాను.
"మొక్కజొన్నలో ఊదాపువ్వు కలుపు పడింది తల్లీ,
గింజ రాలితే పక్క చేనుకీ పాకుతుంది.
తప్పేం మాట్లాడాను?"
పక్క చేను ఎవరిదని అడిగాను.
"గథోనిది. ఆమెకి వినపడాలనే చేశాను.
ముప్పై ఏళ్ళు మా మధ్య ఉండి మన భాష వచ్చేసింది,
ఫోన్ ఎత్తదు గానీ, రేడియో కట్టదు."
క్షమించమన్నాను. కిబోస్ తాత మేకని కసిరాడు,
నన్ను కసరలేదు.

కాసేపటికి ఇంకో కాల్.
వెన్న రాసినట్టున్న గొంతు. దేవుడి పేరుతో మొదలుపెట్టాడు.
మా నాన్న చెప్పే సామెతొకటి చెప్పాడు, నవ్వాను కూడా.
"పొలం మనది, శుభ్రం చేసుకుంటే పాపం లేదు.
ఎక్కడ ఎన్ని మొక్కలున్నాయో కుర్రాళ్ళకి తెలుసు.
శనివారం రాత్రి వాన పడొచ్చు."

ఒకటి. రెండు.
కలుపు మొక్కల్ని ఎవరు లెక్కపెడతారు?
మూడు.
రాత్రి పూట ఎవరు కలుపు తీస్తారు?
నాలుగు.
నా పదకొండో ఏట ఇలాంటి వాన కబురొకటి విన్నాను.
తెల్లారి గథోని వాళ్ళ వీధిలో
గుమ్మాలున్నాయి, తలుపుల్లేవు.
ఐదు.
నొక్కాను.

మాట ఆగింది. మనిషి లైన్ మీదే ఉన్నాడు.
ఆరేళ్ళలో ఒక్కసారీ ముట్టని మైకు
ముందుకి లాక్కున్నాను.
"అన్నా, ఏ కలుపు?
పువ్వు ఏ రంగు?"
ఊపిరి వినిపించింది. కొండంతా విన్నది ఆ ఊపిరిని.
పెట్టేశాడు.

చెరుయోట్ చేతులు వణుకుతూ వాతావరణం చదివాడు:
శనివారం పొడిగా ఉంటుంది, వాన లేదు.
నేను నంబరు రాశాను, వేళ రాశాను,
అన్నది అన్నట్టు రాశాను,
నాకు తెలియని చోట "బహుశా" అని రాశాను.
శాంతి కమిటీ రోడా ఆంటీకి చదివి వినిపించాను.
రెండు వైపుల పెద్దల్నీ రాత్రే లేపుతానంది.
పోలీసులకీ చెప్పాం. రాసుకున్నామన్నారు.

ఇవాళ గురువారం.
తాత మళ్ళీ చేశాడు, అదే దగ్గు, అదే మేక.
"లైన్ కలుపు" అన్నాడు చెరుయోట్.
"గథోనీ, వింటున్నావా?
పువ్వు పూయకముందే పీకాలి. నేనూ వస్తాను, పొద్దున్నే,
రెండు చేలూ ఒక్కసారే చేద్దాం."

ఏడు సెకన్లూ విన్నాను.
ఆ మాటల్ని కొండ దిగి వెళ్ళనిచ్చాను.
వేలు మాత్రం
బటన్ మీద నుంచి తియ్యలేదు.